దోనెకు నీళ్లు పోసిన వేసవి

ఏలూరులో కోర్టుకు ఎదురుగా ఒక జిరాక్స్ షాపు అరుగు మీద నా టైపు మిషను ఉండేది. అర్జీలు కొట్టడం నా వృత్తి. మా నాన్నగారు తివాచీలు నేసేవారు. ఆ పని తన తరంతోనే ఆగిపోతుందని ఆయనకు ముందే అర్థమైంది కాబోలు, పదో తరగతి అవగానే నన్ను టైపు ఇన్‌స్టిట్యూటులో చేర్చారు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేసరికి నేను ఏలూరు చుట్టుపక్కల వాళ్ల కష్టాలన్నీ కొట్టాను. పాస్‌బుక్కులు, రేషన్ కార్డులు, గట్టు తగాదాలు, పింఛన్లు. "అయ్యా, తమరి దివ్యసముఖమునకు" అని వేళ్లు వాటంతటవే మొదలుపెట్టేవి.

మామ్మగారు నా దగ్గరికి వచ్చింది వితంతు పింఛను అర్జీ కోసం. ఆవిడది కొల్లేరులో ఒక లంక గ్రామం. భర్త పోయి మూడేళ్లయింది. కూతుర్ని గణపవరం ఇచ్చారు. ఊళ్లో అందరూ మామ్మ అనే పిలుస్తారట, నేనూ అలాగే పిలిచాను. అర్జీ కొడుతున్నంతసేపూ ఆవిడ కాగితం వైపు కాక నా వీపు వైపు చూస్తూ కూర్చుంది.

"బాబుగారూ, పొద్దస్తమానం ఇలా వంగే కూర్చుంటారా?"

"అవునండీ. ఆదివారం సెలవు."

"ఆదివారం ఏం చేస్తారు?"

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఏం చేస్తానో నాకూ తెలీలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, చిన్నప్పుడు కాలవ గట్టున గాలం వేసేవాణ్ణండీ, ఇప్పుడు అదీ లేదు అన్నాను.

"గాలమా!" అని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వలలు వేసే ఇంటి మనిషికి గాలం అంటే పిల్లల ఆట. "అయితే మా లంకకి రండి. దోనె ఉంది. ఆయన పోయాక ఊరికే పడుంది."

పింఛను మంజూరయ్యాక ఆ మాట చెప్పడానికి మళ్లీ వచ్చింది. అప్పుడూ అదే మాట అంది. ఇక ఆ ఆదివారం మోపెడ్ తీసుకుని బయలుదేరాను.

దోనె అంటే తాటిదోనె. తాటిచెట్టు మొదలు వైపు ముక్కను తీసుకుని లోపలిదంతా తొలిచి చేస్తారు. ఒక్క మనిషి పడతాడు. కాళ్లు చాపుకుని కూర్చుంటే నీళ్లు మోచేతులకు అందుతాయి. చేతిలో వెదురు గెడ. నేను చూసేసరికి మామ్మగారి దోనె గట్టు పక్కన నీళ్లలో మునిగి ఉంది. పాడైపోయిందా అని అడిగాను.

"కాదండీ. కావాలనే ముంచాను. ఎండకి పెడితే పగులుద్ది. నీళ్లలో ఉంటే పదేళ్లయినా ఏం కాదు."

నీళ్లు తోడి దాన్ని పైకి తీశాం. మొదటి ఆదివారం మూడుసార్లు పడ్డాను. గట్టు మీద ఆడవాళ్లు చేస్తున్న పని ఆపి చూశారు. రెండో ఆదివారం ఒక్కసారే పడ్డాను. మూడో ఆదివారం దోనె నన్ను ఒప్పుకుంది. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య ఆగి, జీలుగ బెండు కట్టిన గాలం వేసి కూర్చుంటే, నా నడుము నాకు గుర్తే రాలేదు. ఆ రోజు రెండు మట్టగిడసలు పడ్డాయి. ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ వాటిని తిప్పి తిప్పి చూసి, "వీటికోసం పొద్దున్నుంచీ నీళ్లలో కూర్చున్నారా?" అంది. కానీ మామిడికాయ వేసి పులుసు పెట్టింది.

అప్పట్లో కొల్లేరు కొల్లేరులా ఉండేది కాదు. ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. గట్టుకో పాక, పాకకో కాపలా మనిషి. గట్ల మధ్య మిగిలిన కాస్త నీళ్లలో నేను గాలం వేసుకుంటుంటే "ఏయ్, ఎవరది?" అని అరుపు వినపడేది. తరవాత ఒక ఏడాది పెద్ద పెద్ద మిషన్లు వచ్చి ఆ గట్లు కొట్టేశాయి. దానివల్ల బతుకు పోయినవాళ్లు లంకల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల అర్జీలు కూడా నేనే కొట్టాను. ఆ బాధ నాకు తెలుసు. అయినా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వానలు పడి, గట్లు లేని చోట నీళ్లు ఒకదానితో ఒకటి కలిసి కనుచూపు మేర పరుచుకున్న రోజున, దోనెలో కూర్చుని ఏ వైపుకైనా వెళ్లొచ్చని తెలిసిన రోజున, నాకు చిన్నపిల్లాడి సంతోషం కలిగింది.

ఆ సంతోషం ఒక్క కాలం కూడా నిలవలేదు. రూల్స్ వచ్చాయి.

కాలవ వంతెన దగ్గర ఒక చిన్న ఆఫీసు ఉండేది. పక్షుల సంరక్షణ చూసేవాళ్లది. లంకలో దాన్ని పిట్టల ఆఫీసు అనేవాళ్లు. దాని ముందు ఒక రేకు బోర్డు. మొదట దాని మీద, బయటివాళ్లు దోనె ఎక్కాలంటే అనుమతి కాగితం ఉండాలని రాశారు. సరే అని నేనే అర్జీ కొట్టుకున్నాను, కాగితం వచ్చింది. నెల తిరక్కుండా బోర్డు మీద తెల్లరంగు వేసి కొత్తగా రాశారు. ఒక మనిషికి ఒకటే గాలం. సరే, ఒకటే వేశాను. తరవాత పిట్టలు గూళ్లు పెట్టే నెలల్లో కిక్కిస దగ్గరికి వెళ్లకూడదన్నారు. న్యాయమే అనిపించింది, వెళ్లలేదు. తరవాత ఆ నెలల్లో అసలు నీళ్లలోకే దిగకూడదన్నారు. ఆ తరవాత దిగొచ్చు గానీ ఎర బతికున్నది వాడకూడదన్నారు. కొరమీను చచ్చిన ఎర వైపు కన్నెత్తి చూడదు. గోధుమపిండి ముద్దలు గుచ్చి కూర్చుంటే పరిగెపిల్లలు వచ్చి పిండి తినేసి వెళ్లిపోయేవి.

ప్రతి ఆదివారం వంతెన మీద మోపెడ్ ఆపి బోర్డు చదవడం అలవాటైపోయింది. పాత అక్షరాలు కొత్త రంగు కిందినుంచి కనపడుతుండేవి. ఏది అమల్లో ఉందో ఏది పోయిందో తెలిసేది కాదు. ఆఫీసులో అడిగితే ఒకటి, బోర్డులో ఒకటి. అర్జీలు పెట్టాను. ఇతరుల కోసం కొట్టేవాటికంటే ఇంకా గట్టిగా కొట్టాను. "పరిశీలనలో ఉన్నది" అని ఒకే వాక్యం తిరిగొచ్చేది. జీవితమంతా ఆ వాక్యాన్ని పక్కవాళ్లకు చదివి వినిపించి, ఓపిక పట్టండి అని చెప్పినవాణ్ణి. నాకే వచ్చేసరికి ఓపిక లేదు.

ఆ తరవాత వచ్చిన రూల్ ఇది. దోనె ఎవరి పేరున ఉందో, గుర్తింపు కార్డు ఎవరికుందో, ఆ మనిషి దోనెలో ఉండాలి.

మామ్మగారికి ఆ సంగతి చెప్పి, "ఇక రానండీ" అన్నాను. ఆవిడ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులు దులుపుకుంది.

"కార్డు నా పేరునే ఉందిగా. నేనెక్కితే సరిపోద్దిగా."

"దోనెలో ఇద్దరు పట్టరు కదండీ."

"మా మరిదిది ఒకటుంది. రెండూ కలిపి కడదాం."

రెండు దోనెలు పక్కపక్కన పెట్టి, అడ్డంగా వెదురు కర్రలు వేసి కొబ్బరితాడుతో బిగించాం. జంటదోనె కదలకుండా గట్టిగా నిలబడుతుంది. ఆవిడ చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఎడమ దోనెలోకి దిగింది. దిగాక కాసేపు గెడ పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. నేను బెండు సరిచేసుకుంటూ ఉన్నాను, ముందు గమనించలేదు. తల ఎత్తి చూస్తే ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి.

"ఏంటండీ?"

"ఏం లేదు. ఆయన పోయాక నీళ్లలోకి రాలేదు నేను. నాలుగేళ్లు దాటింది. ఇంటి ముందే ఉన్నాయి నీళ్లు. రాలేదు."

తరవాత గెడ వేసింది. ఒక్క పోటుకే దోనె ఎంత దూరం పోయిందో! నేను మూడు పోట్లు వేస్తే వెళ్లే దూరం. అదీ మెత్తగా, చప్పుడు లేకుండా.

గట్టు మీద ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. నీళ్లలో మాటలు ఆగేవి కావు. గెడ దించి, ఇక్కడ అడుగున పాత బాట ఉంది, మా అత్తగారి కాలంలో వేసవిలో నడిచి వెళ్లేవాళ్లం అనేది. ఇక్కడ బురద నల్లది, బొమ్మిడాయిలుంటాయి, ఇక్కడ వెయ్యండి గాలం అనేది. వేస్తే పడేవి. పెళ్లయిన కొత్తలో భర్తతో వలకు వచ్చి, అతనితో మాట్లాడటానికి సిగ్గేసి చేపలతో మాట్లాడేదట. "ఓ జెల్లా, మీ ఆయన భోంచేశాడా అని అడిగేదాన్ని. ఆయన విని, ఇంకా లేదు, అన్నం మూట విప్పమను అనేవోడు." ఆ మాట చెప్పి ఎంతసేపు నవ్విందో. నేనూ నవ్వాను. బెండు మునిగింది కూడా చూసుకోలేదు.

ఆ చలికాలమంతా అలా వెళ్లాం. రూల్ చేసిన మేలు అదొక్కటే. ఆవిడ నన్ను బాబుగారూ అనడం మానేసి నాయనా అనడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. నేను ఆదివారం కోసం గురువారం నుంచే ఎదురుచూసేవాణ్ణి. మా ఆవిడ టిఫిన్ క్యారియర్‌లో ఇద్దరికీ సర్దేది. "మామ్మగారికి కారం తక్కువేశాను, అవి మీరు తినకండి" అని గిన్నెల వరస కూడా చెప్పేది.

మాఘమాసం చివర్లో బోర్డు మళ్లీ తెల్లబడింది. కలిపి కట్టిన దోనెలు పెద్ద పడవ కింద లెక్క. పెద్ద పడవలకు అనుమతి లేదు.

వంతెన మీద నిలబడి ఆ అక్షరాలు చదువుతుంటే నాకు చెవులు వేడెక్కాయి. ఇది నా కోసమే రాశారని అనిపించింది. మనిషి కోపంలో ఎంత గొప్పవాడనుకుంటాడో చూడండి. అంత పెద్ద సరస్సులో, ఒక టైపిస్టు గాలం మీద వాళ్లు పగబట్టారని నమ్మాను.

మామ్మగారు విని, "పోనీలే నాయనా. మళ్లీ మారుద్దిలే" అంది. తాళ్లు విప్పి మరిది దోనె మరిదికిచ్చేసింది. తన దోనెను నీళ్లలో ముంచేసింది.

నేను పోనివ్వలేదు. రెండు ఆదివారాలు ఇంట్లోనే ఉండి అందరి మీదా విసుక్కున్నాను. మూడో ఆదివారం పొద్దున్నే లంకకు వెళ్లాను. మామ్మగారింటికి గొళ్లెం పెట్టి ఉంది. గణపవరం కూతురింటికి వెళ్లిందని పక్కింటావిడ చెప్పింది. తిరిగి వచ్చేయాల్సింది. రాలేదు. గట్టు దిగి, నీళ్లు తోడి, దోనె పైకి లాగి ఎక్కాను. జేబులో చిన్న డబ్బా, డబ్బాలో బతికున్న కప్పపిల్లలు. అన్ని రూల్స్ ఒకేసారి మీరాలన్న పంతం అది.

కొరమీను పడిందా అంటే, పడింది. మోచెయ్యంత చేప. గాలానికి తగులుకుని తామర తూళ్లలోకి దూరింది. దాన్ని లాగే హడావిడిలో, ఎదురుగా వస్తున్న పడవను చూడలేదు.

పడవలో ఉన్నది పిట్టల ఆఫీసు గార్డు. ఇరవై ఐదేళ్లుంటాయి. పెంటపాడు దగ్గర వరి రైతుల అబ్బాయి. ఆదివారాలు బోర్డు ముందు చూసి చూసి నాకు నమస్కారం పెట్టడం అలవాటైన మనిషి. అతనికే సిగ్గేసినట్టుంది.

"ఏంటండీ మాస్టారూ ఇది? మీరేనా?"

నేను జేబులోని డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"దోనె మామ్మగారిది కదండీ? ఆవిడ లేరా?"

"లేరు."

"చెప్పి తెచ్చారా అండీ?"

తలొంచుకున్నాను. అతను పైఆఫీసరు కూడా రౌండులో ఉన్నారని, ఊరుకునే వీల్లేదని మెల్లగా చెప్పాడు. చేపను నా చేతే నీళ్లలోకి వదిలించాడు. దోనెను తాడు కట్టి లాక్కెళ్లాడు. నన్ను తన పడవలో తెచ్చి వంతెన దగ్గర దించితే, లంకలో వదిలేసిన మోపెడ్ కోసం ఎండలో నడుచుకుంటూ వెళ్లాను. ఆ నడకంతా మామ్మగారికి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ నిలబడలేదు.

మర్నాడు సాయంత్రం ఆవిడ గణపవరం నుంచి వచ్చే బస్సు దగ్గరే కనిపెట్టుకుని కూర్చున్నాను. దిగింది. చేతిలో సంచి అందుకున్నాను. దారిలో నాలుగు మాటల్లో చెప్పేశాను. ఆవిడ ఆగింది.

"దోనె ఎక్కడ పెట్టారు? నీళ్లలోనా, ఎండలోనా?"

అదొక్కటే అడిగింది. నన్ను తిట్టలేదు. ఎందుకు చేశావనలేదు. ఎక్కడ పెట్టారో నాకూ తెలీదు.

వెంటనే ఇద్దరం మోపెడ్ మీద వంతెన దగ్గరికి వెళ్లాం. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో, సీజు చేసిన వలలు, విరిగిన తెడ్లు, రెండు రేకు పడవల పక్కన మన దోనె. బోర్లా కూడా వెయ్యలేదు. పైన చెట్టు నీడ లేదు. ఒక్క రోజుకే లోపలి తేమ ఆరిపోయి చెక్క తెల్లగా తేలింది. ఆవిడ వంగి అరచేత్తో మూతి నుంచి మొదలు దాకా తడిమింది.

"ఎనిమిది రోజులు చెక్కాడు మా ఆయన దీన్ని. చేతులు బొబ్బలెక్కితే నేను అన్నం కలిపి పెట్టాను."

గార్డు వచ్చాడు. అర్జీ పెట్టుకుంటే పైవాళ్లు చూస్తారని, రెండు మూడు నెలలు పట్టొచ్చని చెప్పాడు. రెండు నెలలంటే ఎండాకాలం మొత్తం. మామ్మగారు అతని వైపు చూసి, "బాబూ, కాసిని నీళ్లు పోసుకోవచ్చా దీనికి?" అంది.

అప్పుడతనన్న మాట నేను మరిచిపోలేదు.

"సీజు చేసినదాన్ని కదపకూడదని రూలండి. నీళ్లు పొయ్యకూడదని ఎక్కడా లేదండి."

అతనే బోరింగు దగ్గరికి వెళ్లి మొదటి బకెట్టు కొట్టి తెచ్చాడు.

ఆ వేసవి అలా మొదలైంది. ఒక రోజు నేను, ఒక రోజు ఆవిడ. నా వంతు రోజున తెల్లవారగానే ఏలూరు నుంచి బయలుదేరి, ఎండెక్కకముందే బోరింగు కొట్టి పన్నెండు బకెట్లు పోసేవాణ్ణి. లోపల సగానికి నింపి, పైన తడి గోతాలు కప్పి, గోతాల మీద కాలవలోని గుర్రపుడెక్క పరిచేవాణ్ణి. తిరిగొచ్చి స్నానం చేసి కోర్టు తెరిచే వేళకు మిషను ముందు కూర్చునేవాణ్ణి. కష్టం అనిపించలేదు. ఎవరైనా ఇంకా పెద్ద శిక్ష వేస్తే బాగుండునని ఉండేది.

వైశాఖంలో ఎండలు ముదిరి రోజుకు రెండుసార్లు పొయ్యాల్సి వచ్చింది. మా ఆవిడ ఒక పొద్దున్న చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

"నేనూ వస్తాను."

"అక్కడేముంది? బురద, చేపల వాసన."

"మీరు చేసిన పనికి ఆ పెద్దావిడ ఒక్కతే బకెట్లు మోస్తోంది. పదండి."

ఆ రోజు వంతు మామ్మగారిదే. మేం వెళ్లేసరికి బోరింగు కొడుతోంది. మా ఆవిడ వెళ్లి చేతిపిడి అందుకుంది. వాళ్లిద్దరూ అప్పటిదాకా ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు, టిఫిన్ క్యారియర్ ద్వారానే పరిచయం. నేను బకెట్లు మోస్తున్నాను, వాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఆ చింతచిగురు కూర పంపేది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. ఉప్పు సరిపోయేదాండీ?"

"సరిపోయేది. మీ ఆయనకే ఉప్పు ఎక్కువ."

మా ఆవిడ పగలబడి నవ్వింది. నేను దోనెలో నీళ్లు పోస్తూ వెనక్కి తిరగలేదు.

ఆ రోజే గోతాలు కప్పాక మామ్మగారి పక్కన కూర్చుని, "క్షమించండి మామ్మగారూ" అన్నాను. అంతకుముందు చాలాసార్లు అనబోయి మింగేసిన మాట. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది.

"వాళ్లు పట్టుకున్నారని కాదు నాయనా నా బాధ. అడిగుంటే ఇవ్వనంటానా? గొళ్లెం పెట్టిన ఇల్లు చూసి తీసుకెళ్లావు. అదీ."

మా ఆవిడ కాస్త దూరంలో నిలబడి అటు తిరిగి కాలవను చూస్తోంది.

"సరేలే. చెప్పేశాను కదా, ఇక నా కడుపులో ఏం లేదు" అంది మామ్మగారు. "ఆ అర్జీ ఏదో కొట్టు."

నిజానికి నేను అప్పటికే రెండు అర్జీలు పెట్టి ఉన్నాను. రెంటిలోనూ బోర్డు ఎన్నిసార్లు మారిందో, ఏ నియమం ఏ నియమానికి విరుద్ధమో వరసగా రాసి, నా తెలివంతా చూపించాను. వాటికి ఏ జవాబూ రాలేదు. ఈసారి మామ్మగారిని కోర్టు ఎదురుగా నా అరుగు మీద కూర్చోబెట్టి, మీరే చెప్పండి, చెప్పినట్టే కొడతాను అన్నాను. ఆవిడ చెప్పింది.

"అయ్యా, నా దోనె మీ దగ్గరుంది. అది నా పెనిమిటి చెక్కింది. ఎండలో ఉంటే పగులుద్దని రోజూ నీళ్లు పోస్తున్నాం. దాన్ని తీసుకెళ్లినాయన నన్ను అడక్కుండా తీసుకెళ్లాడు. మంచోడే. అలవాటు లేని కోపం వల్ల చేశాడు. నా దోనె నాకు ఇప్పించండి."

దివ్యసముఖములు, చిత్తగింపులు ఏవీ చేర్చలేదు. వేళ్లు అలవాటుగా వాటి వైపు పోతుంటే ఆపుకున్నాను. కింద ఆవిడ వేలిముద్ర వేసింది.

పిట్టల ఆఫీసులో ఆఫీసరుగారు ఆ కాగితాన్ని మా ఎదుటే రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీశారు.

"ఈ తీసుకెళ్లినాయన ఎవరండీ?"

"నేనేనండి."

"అర్జీ కొట్టింది?"

"అదీ నేనేనండి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. తరవాత కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "మీ పాత అర్జీలు కూడా చదివానండీ. మీరు రాసినవి తప్పు కాదు. నాకు మూడు నెలలకో కొత్త కాగితం వస్తుంది. బోర్డుకు రంగు వేసేవాడు నన్ను చూసి జాలిపడుతున్నాడు. కానీ మీరు ఎక్కడైనా చేపలు పట్టుకోవచ్చు, ఆ పిట్టలు ఇంకెక్కడా గుడ్లు పెట్టలేవు. అది మాత్రం మారదండీ."

జరిమానా కట్టించుకున్నారు. ఇకమీదట లంకలో ఉండేవాళ్లు, కార్డున్నవాళ్లు, తమ తిండికోసం పట్టుకోవచ్చని, బయటివాళ్లకు దోనె గానీ గాలం గానీ కుదరదని చెప్పారు. దాని మీద సంతకం కూడా పెట్టించారు. పెట్టాను. ఆ సంతకం పెడుతున్నప్పుడు నా లోపల కోపం లేదని చెప్పలేను. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒక మనిషి, ఒక గాలం, వారానికో చేప. దానివల్ల ఏ పిట్ట గుడ్డు పగిలేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ మాట మా ఆవిడతో అంటే, "అందరూ అలాగే అనుకుంటారు కదండీ, ఒక్కణ్ణే కదా అని" అంటుంది.

జ్యేష్ఠమాసంలో, తొలకరి పడ్డ రెండు రోజులకు దోనెను విడిపించుకున్నాం. అంత చేసినా మూతి దగ్గర జానెడు పగులు వచ్చింది. వేలు పెట్టి చూసి, "ఇది బతుకుద్ది" అంది మామ్మగారు. గుడ్డపీలికలు తారులో ముంచి కూరింది. గార్డు, నేను చెరో వైపు పట్టి కాలవలోకి దింపాం. ఆవిడ ఎక్కి కూర్చుని గెడ అందుకుంది. నేను మోపెడ్ మీద గట్టు వెంట పక్కనే వచ్చాను. దారిపొడుగునా లోపలికి నీళ్లు వస్తున్నాయేమో అని నేను అరిచి అడగడం, లేదని ఆవిడ చెయ్యి ఊపడం.

తరవాతి ఆదివారం నాకు ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు. మా ఆవిడే క్యారియర్ సర్ది, తనూ వస్తానని వెనక ఎక్కింది. లంక చేరేసరికి మామ్మగారు గట్టున మా కోసమే ఉన్నట్టు కూర్చుంది.

"గాలం తెచ్చావా?"

"నేను వెయ్యకూడదు కదండీ. సంతకం పెట్టాను."

"నువ్వెందుకు వేస్తావు? నాకు నేర్పు. కార్డు నాది, తిండి నాది. వలంటే ఇద్దరుండాలి, నాకెవరున్నారు? ఈ గాలమేదో ఒక్కదాన్నే వేసుకుంటా."

యాభై ఏళ్లు వల వేసిన చేతికి నేను గాలం నేర్పడం! అయినా మోపెడ్‌కు ఎప్పట్నుంచో కట్టే ఉన్న గాలం కర్ర విప్పాను. ఎర ఎక్కడ గుచ్చాలో, బెండు ఎంత ఎత్తులో కట్టాలో చూపించాను. ఆవిడ దోనె ఎక్కి నాలుగు బారల దూరం వెళ్లి గాలం వేసింది. బెండు కదిలింది. వెంటనే లాగేసింది, ఖాళీ గాలం వచ్చి జుట్టుకు చిక్కుకుంది.

"తొందరపడకండి మామ్మగారూ! మునిగేదాకా ఆగాలి!"

మళ్లీ వేసింది. "కర్ర కాస్త ఎత్తండి! ఎడమ వైపు! ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు..."

గట్టు మీద మా ఆవిడ చాప పరిచి, ఇక చాలు ఊరుకోండి అన్నట్టు నా చొక్కా పట్టి లాగుతోంది. నేను ఆగలేదు. మూడు చేపలు వచ్చి వచ్చి పోయాయి. ఆవిడ గాలం పైకి తీసి దోనెలో పెట్టుకుంది.

"చేపలు నన్ను చూసి కాదు నాయనా, నిన్ను విని పారిపోతున్నాయి" అని కేకేసి, గెడ అందుకుని, నా మాట వినపడనంత దూరం వెళ్లి అక్కడ గాలం వేసింది.